శివనాగరాజు కంప్యూటరు సేద్యం

ప్రత్తిపాడు సెంటర్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడిపే శివనాగరాజుకి నలభై ఆరో ఏట వ్యవసాయం చెయ్యాలన్న కోరిక పుట్టింది. చేలో కాదు, కంప్యూటర్లో.

చేను లేక కాదు. ఊరవతల తండ్రి సంపాదించి పెట్టిన నాలుగెకరాల నల్లరేగడి ఉంది. ఆయన పోయాక ఒక్క ఏడు శివనాగరాజే స్వయంగా మిరప వేశాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఏ పురుక్కి ఏ మందో చెప్పే మనిషి గదా, తన చేను చూసి నలుగురూ నేర్చుకుంటారని అనుకున్నాడు. నేర్చుకున్నారు కూడా, ఏం చెయ్యకూడదో. మొక్క ఎండకి వాడిపోతుందేమోనని ప్రేమ కొద్దీ నీళ్లు పెట్టిపెట్టి చేనంతా వేరుకుళ్లు తెప్పించుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే అందరికంటే ముందు తనే గట్టిగా నవ్వేస్తాడు. తను నవ్వాక ఎదుటివాడికి నవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదని అనుభవం మీద తెలుసుకున్నాడు. మరుసటి ఏటి నుంచి ఆ నాలుగెకరాలూ బుల్లయ్యకి కౌలుకిచ్చేశాడు. బుల్లయ్య అరవై దాటిన రైతు, వరసకి బాబాయి.

కంప్యూటరు కోరిక మే నెలలో పుట్టింది. మే నెలలో పురుగుమందుల కొట్లో పని ఉండదు. ఈగలు తోలుకుందామన్నా అలాంటి కొట్లోకి ఈగలు రావు. ఫోను చూస్తూ కూచున్న శివనాగరాజుకి ఒక మధ్యాహ్నం ఏదో ఆట వీడియో తగిలింది. ఎవరో ఏ దేశంవాడో కంప్యూటర్లో ట్రాక్టరు తోలుతున్నాడు. దున్నుతున్నాడు, విత్తుతున్నాడు, కోస్తున్నాడు. అందులో పత్తి ఏరే యంత్రం ఒకటుంది. అది చేలో నడుచుకుంటూ పోయి, ఏరిన పత్తినంతా లోపలే చుట్టలు చుట్టి, పసుపుపచ్చ తొడుగేసి, వెనక నుంచి కోడి గుడ్డు పెట్టినట్టు ఒక్కొక్కటే కింద పెడుతుంది. శివనాగరాజు ఆ గుడ్లు పెట్టడం చూస్తూ ఫోను బ్యాటరీ అయిపోయేదాకా కదల్లేదు.

ఆ రోజు అన్నం దగ్గర భార్య కోటేశ్వరితో సంగతి చెప్పాడు.

"నాలుగెకరాల నిజం చేను బుల్లయ్య బాబాయికిచ్చి, మీరు బొమ్మలో దున్నుతారా?" అంది ఆమె.

"అందులో వేరుకుళ్లు రాదంట."

కోటేశ్వరి కాసేపు అతని మొహం వంక చూసింది. ఇంట్లో డబ్బు లెక్కలన్నీ ఆమెవే. పడగ్గదికి ఏసీ పెట్టిద్దామని దాచిన అరవై వేలూ ఇస్తానంది. ఈ మనిషి ఎండాకాలమంతా కొట్లో ఒంటరిగా ఫోను పట్టుకుని కూచోవడం ఆమెకి కొన్నాళ్లుగా నచ్చడం లేదు. పైగా ఏ పేకాటకో పోకుండా ఇంటిపట్టున దున్నుకుంటానంటే కాదనడం దేనికి? "ఆ అరవై మీద ఒక్క రూపాయి దాటినా మీ ట్రాక్టర్ని మేడ మీద నుంచి కిందకి దింపుతాను, మెట్ల మీద నుంచి కాదు," అని మాత్రం చెప్పింది.

ఆటలు ఆడే కంప్యూటరు బజార్లో ఒక డబ్బాగా దొరకదనీ, ఒక్కొక్క సామాను ఎంచుకుని బిగించుకోవాలనీ అప్పుడు తెలిసింది శివనాగరాజుకి. ఇక కొట్లో కూచుని అదే చదువు. ప్రాసెసరంటే అరక తోలేవాడు. గ్రాఫిక్స్ కార్డంటే ఎద్దులు, బొమ్మని లాక్కుపోయేది అవే. ర్యామ్ అంటే కళ్లం, ఎంత వెడల్పుంటే అంత పని సాగుతుంది. ఎస్ఎంపీఎస్ అంటే కరెంటు సరఫరా చేసేది, చేలో ట్రాన్స్‌ఫార్మరు లాంటిది. మదర్‌బోర్డంటే ఇవన్నీ ఉండే పొలం. ఇంత చక్కగా బుర్రకెక్కించుకున్నవాడు చివరికి ఎద్దులు లేకుండా సేద్యానికి దిగాడంటే, ఆ తప్పు చదువుది కాదు.

తప్పంతా అతని వృత్తిది. ఇరవై ఏళ్లుగా కౌంటరుకి ఇవతల నిలబడి అమ్మినవాడు, కౌంటరుకి అవతల నిలబడి కొనడం మర్చిపోయాడు.

గుంటూరు అరండల్‌పేటలో ఖాదర్ వలి కంప్యూటరు కొట్టు ఉంది. వలికి నలభై దాటాయి. మెత్తగా మాట్లాడతాడు. ఆ మెత్తదనం దగ్గరే శివనాగరాజుకి మొదటి అనుమానం వచ్చింది. తనూ అలాగే మాట్లాడతాడు, ముఖ్యంగా గడువు దగ్గరపడిన సరుకు వదిలించుకోవాలన్నప్పుడు.

"ఏ పని మీదికన్నా, సిస్టమ్?" అన్నాడు వలి.

"మా అమ్మాయి చదువుకి."

"చదువుకైతే ల్యాప్‌టాప్ చాలు గదన్నా. తక్కువలో పోద్ది."

శివనాగరాజు కొంచెం ఇబ్బంది పడ్డాడు. "అంటే, మధ్య మధ్యలో ట్రాక్టరు ఆట కూడా ఆడుద్ది."

వలి నవ్వలేదు. ఆట పేరు అడిగి తెలుసుకుని, చేతిలో ఎంతుందో అడిగి, కాగితం మీద ఏదో కూడి చెప్పాడు. "ఈ డబ్బులో సగం దాకా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండన్నా. మిగతా అన్నిట్లో తగ్గించుకోవచ్చు. డబ్బా మామూలుది చాలు. స్క్రీను చిన్నదైనా పర్లేదు. కార్డులో మాత్రం వెనక్కి తగ్గబాకండి."

ఏ కొట్టువాడైనా సగం డబ్బు ఒక్కదానికే పెట్టమన్నాడంటే లాభం కూడా దాంట్లోనే ఉందన్నమాట. ఈ సంగతి ఎవరికి తెలియకపోయినా శివనాగరాజుకి తెలుసు.

"కార్డు తరవాత చూద్దాం. ముందు డబ్బా చూపించు," అన్నాడు.

వలి చూపించిన నల్ల రేకు డబ్బా అతనికి ఆనలేదు. పైన అద్దాల అరలో ఒకటుంది. ముందు మూడు ఫ్యాన్లు, వెనక ఒకటి, పక్కనంతా అద్దం. ప్లగ్గు పెడితే రంగులు తిరుగుతున్నాయి.

"దానికి డబ్బు దండగన్నా. ముందంతా అద్దమే, గాలి కూడా సరిగా ఆడదు. అసలే మన ఎండలు."

వద్దంటున్నాడంటే ఎవరికో మాటిచ్చి ఉంటాడు. శివనాగరాజు అదే దించమన్నాడు.

ఎస్ఎంపీఎస్ ఐదొందల యాభై వాట్లు సరిపోతుందని వలి అంటే, ఎనిమిదొందల యాభైది పెట్టమన్నాడు. స్క్రీను చిన్నది చాలంటే, వంపు తిరిగిన పెద్దది తీసుకున్నాడు. వలి ఏది చాలంటే అది చాలదని, ఏది కావాలంటే అది అక్కర్లేదని సూత్రం పెట్టుకున్నాక ఎంపిక చకచకా సాగిపోయింది. తన తెలివికి తనకే ముచ్చటేసింది. చివరికి ప్రాసెసరు మిగిలింది.

వలి రెండు అట్టపెట్టెలు పక్కపక్కన పెట్టాడు. "అన్నా, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. ఈ రెండూ దాదాపు ఒకటే. దీని పేరు చివర ఒక ఇంగ్లీషక్షరం ఎక్కువుంది చూశారా, అదుంటే దీని లోపల బొమ్మ చూపించే ఏర్పాటు లేదని గుర్తు. పక్కన కార్డు పెడితేనే స్క్రీను మీద ఏదైనా కనపడుద్ది. మీరేమో కార్డు ఇప్పుడు వద్దంటున్నారు. కాబట్టి కొంచెం ఎక్కువైనా ఆ రెండోది తీసుకోండి."

శివనాగరాజు లోలోపల నవ్వుకున్నాడు. 'ఈ వారంలో ఇది కొట్టకపోతే చేను ఊడ్చుకుపోద్ది' అని తను రైతుని బెదిరించే మాటకీ, ఈ మాటకీ అతనికి తేడా కనిపించలేదు. పైగా ఈ చవక రకాన్నే వీడియోలో ఒకతను తెగ మెచ్చుకున్నాడు. మెచ్చుకున్నాక ఇంకేదో చెబుతుండగా కలుపుమందు కోసం మనిషి రావడంతో ఆ వీడియో అక్కడికి ఆగిపోయింది, అది వేరే సంగతి.

"చవకదే ఇవ్వు."

"బొమ్మ రాదన్నా."

"వచ్చినంతే రానియ్."

వలి చవక పెట్టెనే తీసి పక్కన పెట్టాడు. ఇక్కడే బిగించి, ఆన్ చేసి చూపించి పంపుతానని, దానికి డబ్బులేమీ వద్దని అన్నాడు. ఉచితం అన్న మాట వినగానే శివనాగరాజు చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. ఉచితంగా బిగిస్తానన్నవాడు లోపల ఏది మారుస్తాడో ఎవడు చూడొచ్చాడు? పెట్టెలన్నీ కారు వెనక సీట్లో వేసుకుని, తనే బిగించుకుంటానని ఇంటికొచ్చేశాడు.

ఆ ఆదివారమంతా మేడ మీది గదిలో బిగింపు జరిగింది. ఒక వీడియో చూడ్డం, ఆపడం, ఒక మర బిగించడం. కోటేశ్వరి సెల్లు లైటు పట్టుకుని పక్కన కూచుంది. ప్రాసెసరు మీద బూడిదరంగు ముద్ద రాయాల్సి వస్తే అతను వెన్న రాసినట్టు దట్టంగా పట్టించబోయాడు.

"తమలపాకుకి సున్నం రాసినంత రాయండి. నోరు పొక్కుద్ది," అంది ఆమె.

సున్నమంతే రాశాడు. వీడియోలో కూడా అంతే రాయమన్నారు. పొద్దు వాలేసరికి ఒక్క మర మిగలకుండా అన్నీ వాటి వాటి చోట్లలోకి పోయాయి. జన్మలో తను మొదలుపెట్టి, మధ్యలో ఎవర్నీ పిలవకుండా పూర్తి చేసిన మొదటి పని ఇదేనని శివనాగరాజుకి అనిపించింది. ఆ ఊపులో బుల్లయ్యని పిలిచాడు. కొట్టుకి ఎదురుగా అదే వ్యాపారం చేసే రాఘవుల్ని కూడా పిలిచాడు. రాఘవుల్ని పిలవకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాడు.

కోటేశ్వరి అద్దానికి బొట్టు పెట్టి హారతి ఇచ్చింది. శివనాగరాజు మీట నొక్కాడు.

నాలుగు ఫ్యాన్లూ తిరిగాయి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఒకదాని వెంట ఒకటి పరిగెత్తాయి. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభ వెలిగినట్టు వెలిగింది డబ్బా. బుల్లయ్య తలపాగా సర్దుకుని ముందుకు జరిగాడు. స్క్రీను మీద సిగ్నల్ లేదని ఒక్క ముక్క కనిపించి, అదీ ఆరిపోయింది. ఆ తరవాత అంతా నలుపే.

ఎంతసేపు చూసినా నలుపే. అందరూ మర్యాదకి దాని వంకే చూస్తూ కూచున్నారు.

"రాత్రిపూట దున్నుతున్నావేమో అబ్బాయ్," అన్నాడు బుల్లయ్య. "తెల్లారేదాకా చూద్దాం."

రాఘవులు లేచాడు. "లైట్లు మాత్రం బాగున్నయ్యి నాగరాజూ. వినాయక చవితికి మా పందిట్లోకియ్యి, మళ్లీ తెచ్చిస్తా."

వాళ్లు వెళ్లాక శివనాగరాజు విజయవాడలో ఇంజనీరింగు చదువుతున్న కూతురు ఉదయశ్రీకి ఫోను చేశాడు. తన చదువు కోసమే నాన్న కంప్యూటరు కొన్నాడన్న సంగతి ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు. ఆమె రెండే ప్రశ్నలడిగింది.

"గ్రాఫిక్స్ కార్డు ఏది పెట్టావు నాన్నా?"

"అది తరవాత కొందామని."

"ప్రాసెసరు పేరు చివర అక్షరం ఏమన్నా ఉందా?"

చదివి చెప్పాడు. అవతల ఉదయశ్రీ ఫోను చేత్తో మూసి నవ్వుతోందని అతనికి తెలుస్తూనే ఉంది. హాస్టల్లో పక్కనున్న పిల్లలకి కూడా చెప్పినట్టుంది, ఇంకో ఇద్దరి నవ్వులు కూడా వినపడ్డాయి.

"నాన్నా, నువ్వు ఇంజను లేని ట్రాక్టరు కొని దానికి రంగులేయించావు," అంది చివరికి. "ఆ కొట్టతను నీకు చెప్పలేదా? వాళ్లతో పోట్లాడు."

"చెప్పాడమ్మా," అన్నాడు శివనాగరాజు.

రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా మేడ మీద ఆ లైట్లు వెలిగించుకుని కూచున్నాడు. రైతు నష్టపోయాక తన కొట్టుకొచ్చి తననే తిట్టిన సందర్భాలు గుర్తొచ్చాయి. తనకి ఆ సుఖం కూడా లేదు. వలిని తిడదామంటే ఎక్కడా పట్టు దొరకడం లేదు. ఉన్న తెలివితక్కువతనమంతా తన సొంతం, ఎవరికీ వాటా లేదు. మూడో రోజు డబ్బాని దుప్పట్లో చుట్టి, చంటిపిల్లని ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టు ముందు సీట్లో పెట్టుకుని గుంటూరు వెళ్లాడు.

ఖాదర్ వలి దుప్పటి చూసి లేచి నిలబడ్డాడు. "పని చెయ్యట్లేదా అన్నా?"

"చేస్తానే ఉంది. మనకి కనపట్టంలా."

"నేను ఆ రోజే చెప్పాను గదన్నా."

"చెప్పావు. నువ్వు చెప్పావు కాబట్టే నమ్మలా. నాదీ కొట్టేనయ్యా, ప్రత్తిపాడులో. పురుగుమందులు."

వలి అప్పుడు నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ఒక మేస్త్రి ఇంకో మేస్త్రిని గుర్తుపట్టినప్పటి నవ్వు. టీ తెప్పించాడు. తాగుతూ, "మా బావ ఫిరంగిపురం దగ్గర మిరప వేస్తాడన్నా," అన్నాడు. "నల్ల తామరపురుగు పడ్డప్పుడు కొట్టువాడు ఏదిస్తే అది కొట్టాడు. సంచీ నిండా సీసాలు. మా అక్క అయితే ఖాళీ సీసాలు చూసి ఏడ్చేది. ఇన్నెందుకిస్తారన్నా?"

శివనాగరాజు టీ గ్లాసులోకి చూశాడు. "పురుగు పడ్డ రైతు ఒక సీసాతో ఇంటికి పోడయ్యా. భయం. మేం ఆ భయానికి అమ్ముతాం," అన్నాడు. ఆ మాట తన నోట ఇంత తేలిగ్గా వచ్చినందుకు తనే కాస్త తెల్లబోయాడు.

పెట్టెలు విప్పేసిన సామాను గనక కొంత తగ్గించుకుని, అద్దాల డబ్బా, పెద్ద ఎస్ఎంపీఎస్, వంపు స్క్రీను మూడూ వలి వెనక్కి తీసుకున్నాడు. బదులుగా మామూలు రేకు డబ్బా, సరిపడా ఎస్ఎంపీఎస్, చిన్న స్క్రీను ఇచ్చాడు. మిగిలిన డబ్బుకి కొత్త కార్డు రాదు. మూసేసిన నెట్ సెంటర్లోంచి కొన్న పాత కార్డు ఒకటుందనీ, ఆరు నెలలు తన పూచీ అనీ చెప్పాడు.

"మీ ఇష్టమన్నా. పాతది వద్దనుకుంటే రెండు నెలలు ఆగండి."

"నువ్వేది పెట్టమంటే అదే పెట్టు. నన్నడగబాక."

ఈసారి వలి అక్కడే బిగించాడు. ఆట కూడా అక్కడే ఎక్కించి, ఆన్ చేసి చూపించాడు. స్క్రీను మీద పొద్దుటి వెలుగులో ఒక చేను కనిపించింది. గట్టు, ఆ గట్టు మీద గడ్డి, అవతల ఎర్ర ట్రాక్టరు. గాలికి గడ్డి కదులుతోంది. శివనాగరాజు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కొట్లో ఇంకెవరో కీబోర్డు బేరమాడుతున్నా అతనికి వినపడలేదు.

అలా జూన్ మొదటి వారంలో శివనాగరాజు సేద్యం మొదలైంది. మొదలైన నాడే ఆటలోని బ్యాంకులో అందినంత అప్పు తీసుకున్నాడు. ఆ డబ్బుతో ఎరువు కొనలేదు, విత్తనం కొనలేదు. గుడ్లు పెట్టే పత్తి యంత్రం కొన్నాడు. అది అతని చేను కంటే పెద్దదిగా ఉంది. చేలోకి దిగితే గట్టు తెగుతుంది, మలుపు తిప్పితే పక్క సాళ్లు నలుగుతాయి. ఏరిన పత్తి కంటే తొక్కిన పత్తే ఎక్కువ. పసుపుపచ్చ గుడ్డు ఒక్కటి పెట్టేసరికి చేను అయిపోయింది. ఆటలోని కొట్లో కలుపుకి మందు ఒక్కటే రకం ఉండటం కూడా అతనికి అవమానంగా తోచింది. ఒక్క మందుతో సరిపెట్టే ఈ దేశంలో కొట్లవాళ్లు ఏం తిని బతుకుతున్నారో అని విచారించాడు. రెండు పంటలు తిరిగేసరికి ఖాతా ఎర్ర అంకెల్లోకి పోయింది. నిజం చేలో దివాలా తీయడానికి ఏడాది పట్టింది, ఇక్కడ వారంలో తీశాడు. ఆ మేరకు టెక్నాలజీ మెచ్చుకోదగ్గదే అనుకున్నాడు.

తొలకరి పడి పత్తి మొలిచాక కొట్లో రద్దీ మొదలైంది. ఒకరోజు వెంకటరావమ్మ వచ్చింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ మూడెకరాలు తనే చేసుకుంటున్న మనిషి, కొట్టుకి పాత ఖాతాదారు. చీరకొంగులోంచి పత్తి ఆకు తీసి బల్ల మీద పెట్టింది. ఆకు కింద పేనుబంక.

ఇదివరకైతే శివనాగరాజు చెయ్యి అలవాటుగా మూడు అరల్లోకి పోయేది. ఆ రోజు ఒక్క అరలోకే పోయింది. ఎందుకలా పోయిందని అడిగితే అతను చెప్పలేడు. వలి కొట్లో తాగిన టీ అయి ఉండొచ్చు.

"ఇదొక్కటి చాలు అత్తా. రెండు వారాలాగి చూసి రా."

"ఒక్కటేనా? పోయినేడు దీనికే నాలుగిచ్చావు."

"అప్పుడిచ్చాను. ఇప్పుడు ఇదొక్కటే చాలు."

వెంకటరావమ్మ సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత అతని వెనకున్న అరల వంక చూసింది. "సరుకు రాలేదా నాగరాజూ? రాకపోతే రాలేదని చెప్పు, ఏమనుకోను."

"వచ్చింది అత్తా. అక్కర్లేకనే."

"ఒంట్లో బాగుందా నీకు?" అంది ఆమె. సీసా బల్ల మీదే వదిలేసి రోడ్డు దాటి రాఘవులు కొట్లోకి పోయింది. కాసేపటికి కవరు నిండా సీసాలతో బయటికొచ్చి, ఇటు చూడకుండా, ముసుగు సర్దుకుని వెళ్లిపోయింది. రాఘవులు గుమ్మంలోకొచ్చి ఇటు వైపు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

ఆ మాట చెబితే కోటేశ్వరి కోప్పడుతుందనుకున్నాడు. కోప్పడలేదు గానీ, "రెండోసారి కూడా ఒక్కటే చెప్పి చూడండి. మూడోసారికి నమ్ముద్దేమో," అంది. మూడోసారి దాకా కొట్టు ఉంటుందా అని శివనాగరాజు లెక్క వేసుకున్నాడు.

జూలైలో ఒక సాయంత్రం బుల్లయ్య ఏదో పని మీద వచ్చి మేడ ఎక్కాడు. శివనాగరాజు కుర్చీలో వెనక్కి వాలి, ఒంటి చేత్తో నలభై ఎకరాలు దున్నుతున్నాడు. బుల్లయ్య వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"సాలు తిన్నగానే తోలుతున్నావే."

"అలవాటైపోయింది బాబాయ్."

"అయితే రేపు చేలోకి రా. పత్తిలో గుంటక తోలాలి, కూలోళ్లు దొరకట్లా. నీ చేనే గదా, ఓ సాలు తోలుదువుగాని."

కంప్యూటర్లో నలభై ఎకరాలు దున్నిన మనిషి ఒక్క సాలుకి వెనకాడటం బాగుండదని శివనాగరాజు సరేనన్నాడు. కౌలుకిచ్చాక ఆ చేలోకి అతను దిగడం అదే మొదలు. రాత్రి వానకి నల్లరేగడి మెత్తగా ఉంది. అడుగు వేసినప్పుడల్లా ఒక్కో కాలికి మట్టి చెప్పులా అంటుకుంటోంది. బుల్లయ్య ఎద్దుల్ని రెండు వరసల మధ్య నిలబెట్టి గుంటక పిడి అతని చేతికిచ్చాడు. పత్తి మొక్కలు జానెడు ఎత్తున ఉన్నాయి. వాటిని తగలకుండా మధ్యలో కలుపుని గోకి పారేయడమే పని.

ఎద్దులు తిన్నగానే పోయాయి. గుంటక పోలేదు. దాన్ని కుడివైపు నొక్కితే ఎడమకి జరుగుతుందని శివనాగరాజుకి తెలిసేసరికి ఎడమ వరసలో పత్తి లేదు. సర్దుకుందామని ఎడమకి నొక్కాడు. ఈసారి కుడి వరస పోయింది. ఎద్దుల్ని ఆపే మాట ఏమిటో గుర్తు రాలేదు. చేతి కింద ఆపే మీట లేదు. సాలు సగంలో ఎద్దులే విసుగు పుట్టి ఆగాయి. వెనక్కి తిరిగి చూస్తే కలుపూ పత్తీ అన్న తేడా లేకుండా నేల శుభ్రంగా ఉంది.

బుల్లయ్య తిట్టలేదు. పిడి తీసుకుని, అంగోస్త్రంలో మూట కట్టి తెచ్చిన పత్తి గింజలు అతని చేతిలో పెట్టాడు. "పోయిన చోటల్లా మళ్లీ గింజలు పెట్టు. కుదురుకి రెండు. వంగి పెట్టాల."

శివనాగరాజు వంగాడు. వేలితో తడిమట్టిలో గుంట చెయ్యడం, రెండు గింజలు వెయ్యడం, మట్టి కప్పడం. తను పీకినంత మేరా తనే పెట్టుకుంటూ పోయాడు. పైన ఎండ చురుక్కుమంటోంది. పక్క సాళ్లలో బుల్లయ్య ఎద్దుల్ని అదిలిస్తూ అటు పోయి ఇటు వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఒక మాట అంటున్నాడు. "లోతెక్కువైంది, పైకి పెట్టు." "ఆ, అంతే." ఆ 'అంతే' విన్నప్పుడు శివనాగరాజుకి, ఎందుకో తెలియదు గానీ, పదో తరగతి పాసైనప్పటి సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే చివరి గింజ దాకా పెట్టాడు. తరవాత నిటారుగా లేవబోయాడు. లేవలేకపోయాడు.

బుల్లయ్య అతన్ని బండి మీద తీసుకొచ్చి ఇంటి దగ్గర దించాడు. నడుము పట్టిందని డాక్టరు లేపనం రాసిచ్చి, వారం పాటు కుర్చీలో కూచోవద్దన్నాడు. శివనాగరాజు మేడ మీది గదిలో చాప మీద పడుకుని కప్పు చూస్తూ గడిపాడు. కొట్లో కోటేశ్వరి కూచుంది. మధ్యాహ్నం కొట్టు మూసి పైకొచ్చి, అన్నం పెట్టి, నడుముకి లేపనం రాసి, అతను కునుకు తీస్తే పక్కనే ఉండేది.

నాలుగో రోజు కునుకు మధ్యలో ట్రాక్టరు చప్పుడుకి మెలకువ వచ్చింది. తల తిప్పితే నడుం కలుక్కుమంది. అయినా తిప్పాడు. కోటేశ్వరి కుర్చీలో బాసింపట్టు వేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, ఆటలో గడ్డి కోస్తోంది. చేలో యంత్రం లేదు. చేను పక్కన కొత్తగా ఒక పాక లేచింది. దాని ముందు ఆవులున్నాయి.

"పత్తి యంత్రమేది?" అన్నాడు.

"అమ్మేశాను. అప్పు తీరింది. మిగిలిన దాంతో ఆవుల్ని కొన్నాను."

"ఎవర్నడిగి అమ్మావు?"

"మీరెవర్నడిగి కొన్నారు?" అంది ఆమె, స్క్రీను మీద నుంచి చూపు తిప్పకుండా. "కదలబాకండి, మందు ఇప్పుడే రాశాను."

అతనికి కాసేపు రోషం వచ్చింది. ఆ పడుకున్న తీరులో రోషం చూపించడానికి వీలు కుదరలేదు. పైగా ఖాతాలో అంకెలు ఆకుపచ్చగా ఉన్నాయి. తను మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆ రంగు అతను చూడలేదు.

"పాలెన్ని ఇస్తున్నాయి?" అన్నాడు చివరికి.

"చూడండి మీరే," అని కోటేశ్వరి కుర్చీ కొంచెం పక్కకి జరిపింది, చాప మీద నుంచి కూడా స్క్రీను కనపడేట్టు.